ఏ పొయ్యి మనిషిని

మా ఇంట్లో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. పొయ్యి ఒక్కటే.

మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, ఆ పొయ్యికి పెద్ద. పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ పిల్లలు ముగ్గురు. చిన్నాన్న, పిన్ని, వాళ్ళ పిల్లలు ఇద్దరు. ఆఖర్న నేను. మా నాన్న ఆ అన్నదమ్ముల్లో మధ్యవాడు. తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడట, నాకప్పుడు మూడేళ్ళు. అమ్మ ఇంకో రెండేళ్ళు ఉండి, అనకాపల్లి వైపు మారుమనువు చేసుకుని వెళ్ళిపోయింది. నన్ను తీసుకెళ్ళలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. ప్రేమా లేదు. ముఖం గుర్తులేని మనిషి మీద ఏముంటుంది?

ఆ ఊరు ఇప్పుడు లేదు. దువ్వాడ స్టేషనులో రైలు కూత వేస్తే మా పెరట్లో వినబడేది. ఎండ వాలాక యారాడ కొండ నల్లగా కనిపించేది. ఆ నేలంతా ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ గోడ లోపల ఉంది. మా ఇల్లు ఉన్న చోట ఏముందో నాకు తెలీదు, వెళ్ళి చూడలేదు.

దీపాలు పెట్టే వేళకి మామ్మ పెద్ద బేసినులో అన్నం అంతా గుమ్మరించేది. ఆనపకాయ పులుసో, పప్పుచారో, యారాడ నుంచి గంపల్లో వచ్చే ఎండుచేపల కూరో, ఏది ఉంటే అది పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేది. పిల్లలం ఆరుగురం చుట్టూ కూర్చుని కుడిచేతులు చాపేవాళ్ళం. చేతిలో ముద్ద పడేది. మింగేలోపు ఇంకోటి పడేది. మామ్మ ముఖాలు చూసేది కాదు, చేతులు చూసేది. ఒక చెయ్యి తగ్గితే, "ఎవుల్రా రానిది?" అని వీధిలోకి వినబడేలా అరిచేది.

కాకరకాయ చేదు, నాకొద్దు అనే మాట ఆ ఇంట్లో ఏ పిల్లా అనలేదు. అనడానికి నోరు ఖాళీ ఉండేది కాదు. ఎంత తిన్నామో మాకు తెలిసేది కాదు, ఆకలి తీరిందన్న సంగతి మాత్రం తెలిసేది. పెదనాన్న పెద్దకూతురుదీ నాదీ ఒకటే వయసు, పదమూడు నిండుతున్నాయి. ఆ వయసులో పిల్లలు ఎంత తింటారో మీకు తెలుసు. మేమిద్దరం ముద్ద ముద్దకీ పోటీ పడేవాళ్ళం. నాకు వేరే పళ్ళెం లేదు, దానికీ లేదు.

డెబ్భైలు అయిపోవచ్చే రోజులు. ఫ్యాక్టరీ కోసం భూములతో పాటు ఇళ్ళు కూడా తీసుకుంటారని, కుటుంబానికి ఒక కార్డు ఇస్తారని, ఆ కార్డుకి వేరే చోట ఇంటి స్థలం వస్తుందని, ఇంకా అదృష్టం ఉంటే ఉద్యోగం కూడా వస్తుందని ఊరంతా అదే మాట. రాయడానికి మనుషులు వస్తారన్నారు. అప్పుడే మా ఎదురింటాయన, పెదనాన్నకి వరసకి బావ, గాజువాక నుంచి ఒక కబురు పట్టుకొచ్చాడు. మా అరుగు మీద కూర్చుని చెబుతుంటే విన్నాను.

"బావా, మనుసుల్ని బట్టి రాయరంట. పొయ్యిల్ని బట్టంట. పొయ్యికో కార్డు."

"ఎవుల్రా సెప్పింది నీకు?"

"అందరూ అంటన్నారు. ఎన్ని పొయ్యిలుంటే అన్ని కుటుంబాలు."

"మరి మా ఇంట్లో ఒక్కటే గదరా."

"ఎట్టుకో ఇంకోటి. మట్టికేటి కరువా నీకు?"

ఆఫీసువాళ్ళు అలా అన్నారో లేదో నాకు తెలీదు. అనకపోయి ఉండొచ్చు. మా ఊరు మొత్తం మాత్రం ఆ వారం పొయ్యిలు కట్టింది.

మాది వీధి వసారాలో కట్టారు. మట్టి తొక్కింది నేను. పేడ తెచ్చింది నేను. కొత్త పొయ్యి అని తెలిసిపోతుందని, పాత పొయ్యి బూడిద చేటల్లో మోసుకొచ్చి కొత్త దాంట్లో పోసింది కూడా నేనే. పిన్ని కొబ్బరి పీచు కాల్చి గోడకి మసి పట్టించింది. మసి బాగా పట్టిందో లేదో అని చిన్నాన్న దూరంగా నిలబడి చూసి, "ఇంకొంచెం ఇటేపు," అనేవాడు, గోడకి బొమ్మ వేయిస్తున్నట్టు. మామ్మ మంచం మీద కూర్చుని పగలబడి నవ్వింది.

"ఓలమ్మా, నా పెళ్ళికి కూడా ఇంత సున్నం ఎయ్యనేదర్రా!"

"నవ్వకే అమ్మా," అన్నాడు చిన్నాన్న. "పది రోజుల ముచ్చట. ఆ రాసేవోలు రాసుకుని ఎల్లిపోతే కొట్టి పారేద్దుం."

నాకు ఆ పది రోజులూ పండగలా ఉంది. రెండు చోట్ల వంట, రెండు వాసనలు.

పెద్దమ్మ తన పిల్లలకి రోజూ అప్పజెప్పించేది. "రాసేవోలొచ్చి అడిగితే ఏటి సెప్పాలి? మాది లోపలి పొయ్యి అనాలి." పిన్ని తన పిల్లలకి వసారా పొయ్యి అని నేర్పింది. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. చిన్నాన్నవాళ్ళు నేర్పి ఉంటారని పెద్దమ్మ అనుకుంది, పెదనాన్నవాళ్ళు నేర్పి ఉంటారని పిన్ని అనుకుంది. కావాలని చేసింది కాదు. తొందరలో ఒక మనిషిని మర్చిపోయారు.

రాసేవాళ్ళు ఇద్దరొచ్చారు. ఒకాయన చేతిలో పెద్ద పుస్తకం ఉంది. ఆయనకి కళ్ళజోడు.

"ఈ పొయ్యి మీద ఎంతమంది తింటారు?"

"అయిదుగురం బాబూ," అన్నాడు పెదనాన్న.

"ఆ పొయ్యి మీద?"

"నలుగురమండి," అన్నాడు చిన్నాన్న.

"ఈ ముసలావిడ?"

"మాయమ్మండి. వంతులు. ఇద్దరి దగ్గిరా తింటాది."

కళ్ళజోడాయన తలెత్తి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డ నన్ను చూశాడు. "మరి నువ్వమ్మా? నువ్వు ఏ పొయ్యి మనిషివి?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని నేల చూసింది.

"మామ్మ దగ్గిర తింతాను," అన్నాను.

"మామ్మకి పొయ్యేదమ్మా?" అని ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. నవ్వి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో, ఎవరి కింద రాశాడో, అసలు రాశాడో లేదో నాకు తెలీదు. నాకప్పుడు అక్షరం రాదు. బడి మా ఇంటికి దూరం కాదు, నన్ను పంపడమే ఎవరికీ తోచలేదు. నలభై దాటాక సాయంత్రాలు పెద్దవాళ్ళకి చెప్పే బడిలో పలక పట్టుకుని కూర్చున్నాను. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆ రెండు కార్డుల కోసం అడిగాను. ఒకటి పెట్టెలో చెదలు తినేశాయి. ఇంకోటి ఉద్యోగం కోసం ఆఫీసులో ఇచ్చేశారు. ఇక ఆ సంగతి వదిలేశాను.

పది రోజులయ్యాయి. నెలయింది. వసారా పొయ్యి ఎవరూ కొట్టలేదు.

ఎందుకు కొడతారు? పిన్ని తన ఇష్టమొచ్చినట్టు ఉప్పు వేసుకోవడం అదే మొదలు. పెద్దమ్మకీ హాయిగా ఉంది. ఇంటికి కోడళ్ళుగా వచ్చిన దగ్గర్నుంచి అత్త చేతి కింద నలిగిన మనుషులు. నేనైనా అంతే చేద్దును. ఒకరోజు లోపల చేపల పులుసు, వసారాలో పచ్చడి మెతుకులు. ఇంకో రోజు అటుది ఇటు. పిల్లలు ఒకరి గిన్నెలోకి ఒకరు తొంగి చూడడం మొదలుపెట్టారు. పెదనాన్న పెద్దకూతురికి పళ్ళెం వచ్చింది. పళ్ళెంతో పాటు నోరు కూడా వచ్చింది. "నాకీ కూరొద్దు," అంది ఒకరోజు. పెద్దమ్మ దానికి గుడ్డు వేయించి పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒద్దు అంటే గుడ్డు వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఎవరితో అనాలి?

బేసిను పెరట్లో బోర్లించారు. తర్వాత దాంట్లో గేదెకి కుడితి పెట్టారు.

తొమ్మిది మందికి రెండు పొయ్యిలు. మిగిలింది మామ్మా నేనూ. మామ్మకి వంతులు నిజంగానే పెట్టారు. అమావాస్య నుంచి పున్నమి దాకా పెద్దకొడుకు దగ్గర, పున్నమి నుంచి అమావాస్య దాకా చిన్నకొడుకు దగ్గర. నన్ను ఏ వంతులో వేశారో ఎవరూ చెప్పలేదు. మామ్మ ఎటు వెళితే నేను అటు. ఆమె పళ్ళెంలోనే నాకూ పెట్టేవాళ్ళు, రెండు గరిటెలు ఎక్కువ వేసి. మామ్మ పళ్ళెం నా వైపు తిప్పేది. వంతు మారే రోజున మాత్రం ఇబ్బంది. ఈ రోజు ఇంకా మీ వంతే అని వీళ్ళు, పొద్దున్న నుంచే మీ వంతు అని వాళ్ళు. ఆ రోజుల్లో మామ్మ ఒళ్ళో పట్టే మరమరాలు ఎక్కణ్ణుంచో తెచ్చేది. "ఉపోసం అనుకో గుంటా," అనేది.

ఆ తర్వాత ఊరు ఖాళీ చేసి కాలనీకి వచ్చాం. కార్డుకో స్థలం. పెదనాన్నది ఒక వీధి, చిన్నాన్నది దానికి నాలుగు వీధుల అవతల. ఎర్రమట్టి, ముళ్ళపొదలు, చెట్టన్నది లేదు. మామ్మా నేనూ పదిహేను రోజులకోసారి ఒక చాప, ఒక చెంబు, ఒక పళ్ళెం పట్టుకుని ఆ నాలుగు వీధులూ నడిచేవాళ్ళం. రెండో ఎండాకాలంలో మామ్మ పోయింది. చిన్నకొడుకు వంతులో పోయింది. దినం నాడు ఇద్దరు కొడుకులూ కలిసి వండించారు. వీధి నిండా మనుషులు తిన్నారు.

దినం అయిన మర్నాడు నాకు పదిహేనేళ్ళు, వంతు లేదు.

ఎవరూ పొమ్మనలేదు. అది చెప్పాలి. పెదనాన్న వసారాలో నా చాప అలాగే ఉంది. మా కూడు నీకు లేదు అని ఏ నోటితోనూ అనలేదు. ఒక్కటే మారింది. అంతకు ముందు వడ్డించేవాళ్ళు. ఇప్పుడు అడిగారు.

"ఏటే, తిన్నావా?" అంది పెద్దమ్మ, సాయంత్రం నేను గుమ్మంలోకి వచ్చేసరికి. చేతిలో గరిటె ఉంది. వెనక ముగ్గురు పిల్లలు పళ్ళేల ముందు కూర్చుని ఉన్నారు.

తినలేదు అని చెప్పాలి కదా. మీరైతే చెబుతారు. నా నోటికి రాలేదు. చెయ్యి చాపి కూర్చోవడం తప్ప, కూడు అడగడం నాకు ఎవరూ నేర్పలేదు. "తిన్నాను పెద్దమ్మా. సిన్నాన్నోలింటికాడ తినేసినాను," అన్నాను.

"సరే మరి," అంది. ఆమె ముఖంలో ఒక చిన్న తేలిక కనిపించింది. దాన్ని నేను చూడకుండా ఉండాల్సింది.

మర్నాడు చిన్నాన్న ఇంటికి వెళ్ళాను. చిన్నాన్నకి అప్పటికి కార్డు మీద ఫ్యాక్టరీలో ఖలాసీ ఉద్యోగం వచ్చింది, షిఫ్టులు. ఆ ఇంట్లో కూడా ఎవరూ కలిసి తినడం లేదు. పిల్లలు బడి నుంచి వచ్చి తలో వేళకి మూత తీసి తినేవాళ్ళు. చిన్నాన్నకి మూత పెట్టి ఉంచేవాళ్ళు. పిన్ని చివర్న గోడకి తిరిగి తినేది. ఒక గదిలో నలుగురు మనుషులు, నాలుగు మూతలు. అయిదో మూత లేదు. "తిన్నావేటే?" అంది పిన్ని. "పెద్దమ్మ పెట్టింది," అన్నాను.

ఒకసారి చెప్పాక రెండోసారి సులువు. నెల తిరిగేసరికి అడక్కుండానే చెప్పేదాన్ని. గుమ్మం ఎక్కుతూనే "తినేసొచ్చినాను" అనేదాన్ని, చెప్పులు విడిచినట్టు.

ఫ్యాక్టరీ కట్టే చోట మట్టిపనికి పోయేదాన్ని. కూలిడబ్బులు పెద్దమ్మకిచ్చి, చిల్లర ఉంచుకునేదాన్ని. పొద్దున్న టీ బడ్డీ దగ్గర ఒక బన్ను, దాన్ని టీలో ముంచి నడుస్తూ తినడం. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా క్యారేజీలు విప్పి గుండ్రంగా కూర్చుంటే నేను నీళ్ళ డ్రమ్ము వెనక్కి పోయి వేరుశనగలు, బెల్లం ముక్క. "రాయే పిల్లా, ఓ ముద్ద తిను," అని వాళ్ళు పిలిచేవాళ్ళు. "పొద్దున్నే ఎక్కువ తినేసినాను అత్తా," అనేదాన్ని. సాయంత్రం బండి దగ్గర పొట్లం పునుగులు, లేదంటే మరమరాలు. అవి పట్టుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే దారిలో తినేదాన్ని. నాలుగు వీధులు. ఇంటి ముందుకొచ్చేసరికి కాగితం మడిచి విసిరేసి, మూతి తుడుచుకునేదాన్ని. కూర్చుని తినడం పోయింది. అన్నం తినడం పోయింది. పులుసు వాసనకి మొదట్లో కడుపు మెలిపెట్టేది, తర్వాత అది కూడా మానేసింది. అది మానేసినందుకు నాకు సంతోషం వేసింది, పిచ్చిదాన్ని.

నా వయసుదే, పెదనాన్న కూతురు, ఆ రోజుల్లో ఏపుగా ఎదిగింది. నా జాకెట్టు నాకు వదులైంది. అది ఒక రోజు నన్ను చూసి, "నువ్వెంత నాజూకుగా ఉన్నావే," అంది. నిజంగానే మెచ్చుకుంది.

ఇలా ఎన్ని నెలలు గడిచాయో. ఎండలు పోయి, వానలు పోయి, చలి వచ్చింది. ఒక సాయంత్రం బోరింగు దగ్గర నీళ్ళ వరసలో నిలబడ్డాను. నాకు ముందు పిన్ని, ఆమెకి ముందు పెద్దమ్మ. వాళ్ళిద్దరికీ అప్పటికే మాటలు సరిగా లేవు. ఉద్యోగం తమ్ముడికొచ్చింది, అన్నకి వయసు మీరిందని రాలేదు. బిందె నిండుతుంటే పెద్దమ్మ గాల్లోకి అన్నట్టు అంది:

"కూడు ఒక కాడ, పడక ఇంకో కాడ. బాగుంది సంబడం."

"ఎవుల్నంటన్నావప్పా?" అంది పిన్ని.

"ఎవుల్నంటాను? నీ ఇంటికాడ మేపుతన్నావు గదా, నీ ఇంటికాడే పడుకోబెట్టుకో."

"నానా? నానేటి మేపుతన్నాను? అది నా ఇంట్లో మెతుకు ముట్టి ఎన్నాళ్ళయిందో దాన్నే అడుగు! మూడు పూటలా నీ ఇంట్లోనే గదా మింగుతాది!"

"నా ఇంట్లోనా? నా ఇంట్లో తిన్న రోజు సూపించు! రోజూ సిన్నాన్నోలింట్లో, సిన్నాన్నోలింట్లో అని..."

పెద్దమ్మ మాట అక్కడే ఆగిపోయింది. బోరింగు కొడుతున్న చెయ్యి ఆగింది. వరసలో వెనక ఒక ముసలమ్మ ఉంది, చెవుడు కూడా. ఆమె అందరికీ వినబడేలా అడిగింది.

"మరి గుంట ఎక్కడ తింటన్నట్టర్రా?"

అందరూ నన్ను చూశారు. నేను బిందె చూసుకున్నాను.

పెద్దమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి ఎముక మీద పడింది. అది ఆమెకి తెలిసింది, చెయ్యి వదిలేసింది. వదిలేసి, ఏడుస్తూ తిట్టింది. "నోట్లో ఏటుందే నీకు? పెట్టమని అడగలేవా? ఈదిలో మా పరువు తీసినావు గదే!"

"ఎవుల్నడగాల?" అన్నాను.

పొగరుతో అన్నది కాదు. నాకు నిజంగా తెలీలేదు.

ఆ సాయంత్రమే పెద్దమ్మ పళ్ళెం నిండా అన్నం, కూర, రెండు గుడ్లు తెచ్చి నా చాప ముందు పెట్టింది. కాసేపటికి చిన్నాన్న షిఫ్టు బట్టలతోనే క్యారేజీ పట్టుకుని వచ్చాడు. మూత తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. పెదనాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. రెండు ఇళ్ళ కూడు నా ముందు పొగలు కక్కుతోంది. అందరూ నా చెయ్యి చూస్తున్నారు, మొదట ఎందులో పెడతానా అని. పళ్ళెంలో పెడితే క్యారేజీకి అవమానం. క్యారేజీలో పెడితే పళ్ళేనికి. నాకు ఆకలి కూడా లేదు.

"తినే," అంది పెద్దమ్మ.

నేను తినలేదు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. తమ్ముడితో నెలల తర్వాత మాట్లాడాడు, నా పుణ్యాన. "ఇలా కాదు. అమ్మకి పెట్టినట్టే పెడదుం. అమావాస నుంచి పున్నమి దాకా నా కాడ, ఆ తరవాత నీ కాడ."

"సరే అన్నా," అన్నాడు చిన్నాన్న.

వాళ్ళకి అది న్యాయంగానే తోచింది. ఇంట్లో మిగిలిపోయిన మనిషికి పెట్టే పద్ధతి వాళ్ళకి అదొక్కటే తెలుసు. నాకు మాత్రం పదిహేనేళ్ళకే ముసలితనం వచ్చినట్టయింది. చాప, చెంబు, పళ్ళెం, నాలుగు వీధులు.

"నాను ముసిల్దాన్ని కాను," అన్నాను. "నాకు వంతులొద్దు."

"మరేటి సేస్తావే?" అన్నాడు పెదనాన్న.

"వండుకుంతాను."

"ఎక్కడ?"

"ఈ పెరట్లోనే."

"ఊరోలు ఏటనుకుంటారే? పెదనాన్న, సిన్నాన్న ఉండి గుంటని యేరే వండుకోమన్నారనుకోరా?"

"ఇంకో పొయ్యి ఎట్టినారనుకుంటారు," అన్నాను. "మనకి అలవాటే గదా."

పెదనాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. లేచి బయటికి వెళ్ళి నిలబడ్డాడు. చిన్నాన్న క్యారేజీ మూతలు ఒక్కొక్కటే బిగించుకున్నాడు, చాలాసేపు.

మర్నాడు పని దగ్గర్నుంచి మూడు ఇటుకలు మోసుకొచ్చాను. పెరట్లో తాటాకు పందిరి కింద పెట్టాను. బూడిద ఎక్కణ్ణుంచీ తేలేదు, మసి పట్టించలేదు. ఎవరూ రాసుకోవడానికి రాలేదు. పెద్దమ్మ ఏమీ అనకుండా ఒక సత్తు గిన్నె, గరిటె తెచ్చి పక్కన పెట్టి పోయింది.

బియ్యం కడిగాను. మామ్మ దగ్గర నేను చూసిందంతా పదకొండు మంది వంట. ఒక్క మనిషికి ఎంత పొయ్యాలో నాకు తెలీదు. రెండు గుప్పెళ్ళు వేస్తే గిన్నె అడుగు కనబడింది. అంత తక్కువ బియ్యం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకో నాలుగు వేశాను. ఇంకో నాలుగు. ఉడుకుతుంటే మెతుకు పొంగి మూత లేచి, గంజి ఇటుకల మీదికి కారి మంట ఆరిపోయింది. ఊదాను, పొగ కళ్ళలోకి పోయింది. చివరికి ముక్కాలు ఉడికిన అన్నం, గిన్నె పైకి కుప్పగా. ఉప్పు, పచ్చిమిరపకాయ పెట్టుకుని తిన్నాను. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయింది. అన్ని నెలల పొట్లాల తిండికి కడుపు అంతే అయింది. మిగతాది అలాగే ఉంది. చుట్టూ చూశాను. గోడ అవతల పెద్దమ్మ పిల్లలు తింటున్న చప్పుడు. ఎవరినైనా పిలవొచ్చు. ఏమని పిలవాలి? వాళ్ళకి పొయ్యి ఉంది కదా.

నీళ్ళు పోసి ఉంచి మూడు రోజులు అదే తిన్నాను.

ఒక్కదానికి ఎంతో చేతికి తెలియడానికి రెండు మూడు నెలలు పట్టింది. గుప్పెడున్నర. తెలిశాక ఇక తప్పలేదు. ఉత్తినే నిలబడి గిన్నెలోంచే తినేదాన్ని. పళ్ళెం తీస్తే మళ్ళీ కడగాలి. రుషికొండ వైపు కూడా ఒకసారి పనికి పోయాం, నెల్లాళ్ళు సముద్రం పక్కనే ఉన్నాం. అక్కడ కూడా నా మూడు రాళ్ళు నావే. మిగతా ఆడవాళ్ళు నన్ను పొగరుబోతు అనుకున్నారు. అనుకోనీ. తిన్నావా అని ఎవరూ అడగని చోట నాకు హాయిగా ఉండేది. అబద్ధం చెప్పే పని తప్పింది.

అలా మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి చేశారు. పెదనాన్నా చిన్నాన్నా కలిసే చేశారు, వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. పెందుర్తి వైపు సంబంధం. ఇంట్లో అడుగు పెట్టగానే మనుషుల్ని లెక్కపెట్టాను. అత్త, మామ, ఇద్దరు బావగార్లు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, మా ఆయన. నాతో కలిపి పన్నెండు మంది. పొయ్యి ఒక్కటే.

మూడో రోజు నన్ను వంటకి దించారు. తలస్నానం చేసి, కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని పొయ్యి వెలిగించాను. ఎసరు పెట్టాను, బియ్యం కడిగి పోశాను, వార్చాను. పప్పు, వంకాయ కూర చేశాను. అందరూ వచ్చి పీటల మీద కూర్చున్నారు. అత్త వచ్చి అన్నం గిన్నె మూత తీసింది. తీసి, నా వైపు చూసింది.

"ఏటమ్మా ఇది? పిచ్చికలకి వండినావా?"

గిన్నె అడుగున గుప్పెడున్నర బియ్యం అన్నం ఉంది.

తోటికోడళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన తల దించుకున్నాడు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ ఆ ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు.

"మీరంతా తినేసినారనుకున్నాను అత్తా," అన్నాను.

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. తర్వాత చేట తీసుకుని తనే బియ్యం కొలిచి ఎసట్లో పోసింది. ఉడికేదాకా అందరూ పీటల మీదే కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఎవరూ లేచి పోలేదు. ఉడికాక అత్త వడ్డించింది. నన్ను కూడా కూర్చోమంది. కొత్తకోడలు చివర తినాలి కదా అని ఒక తోటికోడలు అంటే, "కూకోనీ," అంది.

కూర్చున్నాను. ఇటు మోకాలికి ఒక మోకాలు తగిలింది, అటు ఇంకోటి. నా పళ్ళెంలో అన్నం పడింది. ఎవరూ ఏమీ అడగలేదు. నా పళ్ళెం ఖాళీ కాకముందే అత్త ఇంకో గరిటె వేసింది.

కలిపాను. ముద్ద నోట్లో పెట్టాను. గొంతు దిగలేదు. అంతమంది పక్కన కూర్చుని ఎలా మింగాలో నాకు గుర్తు రాలేదు. నీళ్ళు తాగాను, అయినా దిగలేదు. చివరికి అందరూ లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళేదాకా ఆగి, పళ్ళెం పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి, గోడ వైపు తిరిగి గబగబా తినేశాను.